సొంతంగా ఐరన్‌క్లాడ్ నౌకలు చేయడం: వారియర్ సంగతి తర్వాత, ముందు బొంబాయి మగ్దలా చెయ్యి

తమ్ముడూ, నువ్వు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. పెరుంగుడిలో అద్దె ఫ్లాటు, శని ఆదివారాలు డైనింగ్ టేబుల్ మీద నౌకల ఆట, 1860 నుంచి 1880 దాకా వచ్చిన ఇనప కవచాల యుద్ధనౌకలు కావాలి. బయటి దేశాల నుంచి లోహపు బొమ్మలు తెప్పిస్తే షిప్పింగూ కస్టమ్సూ కలిసి బొమ్మ ఖరీదును మించిపోతున్నాయి. అందుకని సొంతంగా చేద్దామనుకుంటున్నావు, మొదటిది బ్రిటిష్ వారియర్, 1:350 స్కేల్లో, తాళ్ళూ తెరచాపలతో సహా. ఏ మెటీరియల్ వాడాలి, చెన్నైలో ఎక్కడ దొరుకుతుంది అని నీ ప్రశ్న.

మెటీరియల్ సంగతి తర్వాత చెప్తా, అది పెద్ద విషయం కాదు. ముందు వారియర్ ఆలోచన పక్కన పెట్టు.

వారియర్ అందమైన నౌకే, కాదనను. 1860 డిసెంబరులో థేమ్స్ నదిలోకి దిగింది, ఒళ్ళంతా ఇనుమే, నాలుగున్నర అంగుళాల ఇనప పలకలు, వాటి వెనక పద్దెనిమిది అంగుళాల టేకు. ఇప్పటికీ పోర్ట్స్‌మత్‌లో తేలుతూనే ఉంది కాబట్టి ఫొటోలకు కరువు లేదు. కానీ పొడవు 420 అడుగులు. 1:350లో 36 సెంటీమీటర్లు దాటుతుంది, అంటే జానెడున్నర. అలాంటివి నాలుగు పెడితే నీ టేబుల్ నిండిపోతుంది, ఇంక అవి తిరగడానికి చోటేది? పైగా మూడు స్తంభాల నిండా తాళ్ళు కట్టిన నౌకను ఆట మధ్యలో ఎవడో ఒకడు స్తంభం పట్టుకునే ఎత్తుతాడు. ఎన్నిసార్లు చెప్పినా ఎత్తుతాడు. షోకేసులో పెట్టే మోడల్ వేరు, పది చేతుల్లో నలిగే ఆట బొమ్మ వేరు, నువ్వు అడుగుతున్నది రెండోది.

స్కేలు 1:600 తీసుకో. ఎందుకంటే లెక్క సులువు. అడుగుకి 304.8 మిల్లీమీటర్లు, దాన్ని 600తో భాగిస్తే 0.508, అంటే దాదాపు అర మిల్లీమీటరు. ఆ కాలపు డ్రాయింగుల్లో కొలతలన్నీ అడుగుల్లోనే ఉంటాయి కాబట్టి అడుగుల అంకెను సగం చేస్తే నీకు మిల్లీమీటర్లు వచ్చేస్తాయి. మరీ పట్టింపు ఉంటే వందకు ఒకటిన్నర చొప్పున కలుపుకో, అంతే. 1:600లో వారియర్ కూడా 21 సెంటీమీటర్లే, తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు. అయితే 1866 లిస్సా యుద్ధం మొత్తం ఆడాలనుకుంటే మాత్రం 1:1200కి దిగాల్సిందే, ఆస్ట్రియా వైపు ఏడు, ఇటలీ వైపు పన్నెండు ఐరన్‌క్లాడ్‌లు, వాటికి తోడు చెక్క నౌకలు, ఇన్ని 1:600లో పెట్టాలంటే పెళ్ళి భోజనాల బల్లలు తెప్పించాలి.

ఇక అసలు విషయం. ఆట బొమ్మను నువ్వు చూసేది మూడడుగుల దూరం నుంచి, అదీ పైనుంచి ఏటవాలుగా. అంత దూరం నుంచి కంటికి ఆనేవి నాలుగే: పైనుంచి చూస్తే కనిపించే రూపురేఖ, నీటి మీద ఎంత ఎత్తు లేచి ఉంది, పొగగొట్టం ఎక్కడ, స్తంభాలు ఎన్ని. ఇవి సరిగ్గా కుదిరితే చూసినవాడు 'ఇది మానిటర్, అది వర్జీనియా' (అమెరికా అంతర్యుద్ధంలో తలపడిన రెండు ఐరన్‌క్లాడ్‌లు) అని టక్కున చెప్తాడు. కుదరకపోతే మీద ఎన్ని నగిషీలు చెక్కినా ఏదో పడవ అంటాడు. కొత్తవాళ్ళు చాలామంది రివెట్ల దగ్గర ఆగిపోతారు, సూదితో చుక్కలు పొడుస్తూ రాత్రంతా కూర్చుంటారు. అంగుళం రివెట్ 1:600లో 0.04 మిల్లీమీటర్లు, నీ తలవెంట్రుక అంతకన్నా లావు. రివెట్ల జోలికి పోవద్దు.

నాలుగింటిలోనూ ముఖ్యమైనది ఎత్తు, ఫ్రీబోర్డ్ అంటారే, అది. ఈ కాలపు నౌకలకు ప్రాణం దానిమీదే నిలిచింది, మాటవరసకు అనడం లేదు. 'కెప్టెన్' అనే పేరున్న బ్రిటిష్ నౌక సంగతి తెలుసుగా? కూపర్ కోల్స్ అనే ఆయన పట్టుబట్టి కట్టించుకున్న టరెట్ నౌక అది, టరెట్ అంటే ఫిరంగులుండే గుండ్రటి గది, తిరిగే టరెట్లతో పాటు నిండా తెరచాపలు కూడా. డ్రాయింగులో నీటిమీద ఎనిమిది అడుగులు ఉండాలి, కట్టేసరికి బరువు పెరిగి ఆరున్నర అడుగులే మిగిలింది. 1870 సెప్టెంబరు 7న తెల్లవారకముందే గాలివానకు బోల్తా కొట్టింది, కోల్స్‌తో సహా దాదాపు ఐదువందల మంది పోయారు. ఆ ఒకటిన్నర అడుగు నీ టేబుల్ మీద ముప్పావు మిల్లీమీటరు. ఆట బొమ్మకు నీటి పైభాగమే చేస్తాం కాబట్టి డెక్కు షీటు మందమే ఆ ఎత్తు. అందుకే చెప్తున్నా, డెక్కు మందం విషయంలో 'ఏదో ఒక షీటు' అనుకోవద్దు, స్కేలు పెట్టి కొలిచి కొను. నేను చూసిన ఇంటి మోడళ్ళలో పదింట తొమ్మిదింటికి ఇదే జబ్బు, నీటి మీద రెండింతలు ఎత్తు లేచి ఉంటాయి, మానిటర్ కాస్తా కార్గో పడవలా తయారవుతుంది.

మొదటి నౌకగా నేను చెప్పేది మగ్దలా. చాలామందికి తెలియదు గానీ ఇది మనదే, అంటే బొంబాయి రేవు కాపలా కోసం కట్టించింది. బ్రిటిష్ నౌకల డిజైనర్ ఎడ్వర్డ్ రీడ్ డిజైను, థేమ్స్ ఐరన్‌వర్క్స్ కట్టుబడి, 1870లో నీళ్ళలోకి దిగింది. మెల్‌బోర్న్ కోసం కట్టిన సెర్బెరస్‌కు తోబుట్టువు. దీనితో పాటే బొంబాయికి అబిసీనియా అని ఇంకొకటి, అదే పద్ధతిలో కాస్త చవగ్గా కట్టినది. 1868లో బొంబాయి నుంచి సైన్యం అబిసీనియా మీదికి వెళ్ళి మగ్దలా కోటను పట్టుకుంది కదా, పేర్లు అక్కడివే. రెండూ 1900ల మొదట్లో తుక్కుకి వెళ్ళిపోయాయి. సెర్బెరస్ మాత్రం 1926 నుంచి మెల్‌బోర్న్ పక్కన హాఫ్‌మూన్ బేలో అలల అడ్డుకట్టగా మునిగి ఉంది, టరెట్లు ఇప్పటికీ నీళ్ళపైన కనిపిస్తాయి. అందుకే దాని ఫొటోలు, డ్రాయింగులు నెట్లో బోలెడు. మగ్దలాకి ఏదైనా వివరం దొరక్కపోతే సెర్బెరస్‌ది చూసి వేసెయ్. ఒక్క జాగ్రత్త, సెర్బెరస్ పాత బొమ్మల్లో మూడు స్తంభాలూ తెరచాపలూ కనిపిస్తే కంగారుపడకు, ఆస్ట్రేలియా దాకా చేరడానికి తాత్కాలికంగా బిగించినవి అవి. రేవులో కాపలా కాసేటప్పుడు స్తంభం ఒకటే.

ఎందుకు మగ్దలా అంటే, చేయడానికి దీనికన్నా తేలికైన నౌక లేదు. పల్చటి డెక్కు, దాని మధ్యలో కవచం కట్టిన ఎత్తైన గట్టు, ఆ గట్టు మీదే ముందొక టరెట్ వెనకొక టరెట్, మధ్యలో పొగగొట్టం, స్తంభం, పైన ఒక సన్నటి నడక డెక్కు. అంతే. తాళ్ళు లేవు, వంపులు లేవు.

పొడవు 225 అడుగులు, వెడల్పు 45. అంటే 114 మిల్లీమీటర్లు, 23 మిల్లీమీటర్లు. ట్రేసింగ్ పేపర్ మీద ముందు మధ్యగీత గీసి, దాని మీదే కాగితాన్ని మడిచి, సగం ఆకారమే గీసి, మడత మీదే కత్తిరించు. విప్పితే రెండు పక్కలూ ఒకేలా వస్తాయి. కంటితో గీసి రెండు పక్కలూ సమానం చేద్దామనుకుంటే చచ్చినా రాదు. ఈ ఆకారాన్ని ఒకటిన్నర మిల్లీమీటర్ల గ్రేబోర్డు (గట్టి బూడిదరంగు అట్ట) మీద అంటించి కట్ చెయ్, నీటి మీద మూడు నాలుగు అడుగుల ఎత్తుకు ఆ మందం సరిపోతుంది. కట్ చేసేటప్పుడు ఒకే ఊపులో కోసేయాలని చూడకు, కత్తి పక్కకు వాలి అంచు ఏటవాలుగా వస్తుంది. బరువు పెట్టకుండా ఐదారు సార్లు అదే గీత మీద నడిపించు. తర్వాత అంచు చుట్టూ ఫెవిక్విక్ పల్చగా పట్టించు, గ్రేబోర్డు పీల్చుకుని ప్లాస్టిక్‌లా గట్టిపడుతుంది, అప్పుడు సాండ్‌పేపర్ పట్టిస్తే నూగు లేవకుండా నున్నగా అరుగుతుంది. అద్దం ముక్క మీద 220 నంబరు పేపర్ పరిచి దానిమీద నౌకనే రుద్దు, ముక్కు దగ్గర మాత్రం ఐస్‌క్రీం పుల్లకు పేపర్ అంటించి చేత్తో. ఫెవిక్విక్‌ను దూదితో మాత్రం పూయొద్దు, దూది తగిలితే ఒక్కసారిగా వేడెక్కి పొగలొస్తాయి, వేళ్ళు కాలతాయి. కిటికీ తీసి పెట్టుకో, కళ్ళు మండుతాయి.

మధ్య గట్టుకి మూడు మిల్లీమీటర్ల సన్‌బోర్డు (బోర్డులు రాసేవాళ్ళు వాడే తేలికైన నురుగు ప్లాస్టిక్ షీటు) వాడు. పొడవు నౌకలో సుమారు సగం, వెడల్పులో రెండు పక్కలా డెక్కు కొంచెం కనిపించేలా వదిలి, రెండు చివరలూ గుండ్రంగా. టరెట్లకు చాలామంది పెన్ను గొట్టాలు, సీసా మూతలు వెతుకుతారు, ఏదీ సరైన సైజు ఉండదు. హార్డ్‌వేర్ కొట్లో తోలుకు, రబ్బరు వాషర్లకు కన్నాలు వేసే హాలో పంచ్‌ల సెట్టు అడుగు, ఒక్కో సైజుది ఒక్కోటి ఉంటుంది. కింద చెక్క ముక్క పెట్టి, పైన గ్రేబోర్డు పెట్టి, సుత్తితో ఒక్కటి వేస్తే చక్కటి గుండ్రటి బిళ్ళ ఊడి వస్తుంది. బిళ్ళల్ని ఒకదానిమీద ఒకటి అంటించు, టరెట్ అయిపోయింది. ఈ పద్ధతి మానిటర్‌కు ఎంత బాగా కుదురుతుందో చూడు: దాని టరెట్ లోపలి వ్యాసం 20 అడుగులు, అంగుళం పలకలు ఎనిమిది పొరల గోడ, కలిపితే బయటికి 21 అడుగుల చిల్లర, అంటే 11 మిల్లీమీటర్ల పంచ్. ఎత్తు 9 అడుగులు, అంటే నాలుగున్నర మిల్లీమీటర్లు, సరిగ్గా ఒకటిన్నర మిల్లీమీటర్ల బిళ్ళలు మూడు. 1:1200లో అయితే ఆఫీసులో కాగితాలకు కన్నాలు వేసే పంచ్ మిషన్‌లోంచి పడే బిళ్ళలే దాదాపు ఆ సైజు, డబ్బా దులిపి తెచ్చుకోవచ్చు.

ఫిరంగుల దగ్గర ఒక మాట. మన కళ్ళకు రెండో ప్రపంచయుద్ధపు నౌకలు అలవాటు, అందుకని ప్రతివాడూ టరెట్ నుంచి బారెడు గొట్టాలు బయటికి పెడతాడు. మగ్దలా మీద ఉన్నవి నాలుగు పదంగుళాల ఫిరంగులు, మూతి నుంచి మందు కూరేవి, పొట్టిగా లావుగా ఉంటాయి, టరెట్ కన్నం నుంచి మూతి మాత్రమే కాస్త బయటికి కనిపిస్తుంది. కాబట్టి ఒక మిల్లీమీటరు, మహా అయితే రెండు. మెడికల్ షాపులో కొత్త సిరంజి సూదులు దొరుకుతాయి. సూది మొదట్లో పసుపు రంగు ప్లాస్టిక్ ఉండేది 20 గేజ్, బయటి మందం 0.9 మిల్లీమీటర్లు, 1:600కి చక్కగా సరిపోతుంది, పైగా మూతి కన్నం దానికే ఉంటుంది. ఆకురాయితో చుట్టూ గాటు పెట్టి కటింగ్ ప్లేయర్‌తో విరిచెయ్, కళ్ళద్దాలు పెట్టుకుని, ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం. సూది మొనను వెంటనే ప్లాస్టిక్ సీసాలో వేసి మూత పెట్టు, ఇంట్లో పిల్లలుంటే ముఖ్యంగా.

పొగగొట్టానికి ఖాళీ అయిన ప్లాస్టిక్ రీఫిల్, మూడు మిల్లీమీటర్లు ఉంటుంది, స్పిరిట్‌లో నానబెట్టి ఇంకు మొత్తం కడిగాకే వాడు, లేకపోతే ఆ ఇంకు పెయింటు లోంచి నెలల తర్వాత కూడా పైకి ఊరుతుంది. స్తంభానికి కొబ్బరి ఈనె. నవ్వకు, దీన్ని మించింది లేదు. మొదట్లో లావుగా, కొసకు సన్నగా, స్తంభం ఎలా ఉండాలో అలాగే పుట్టింది. చెయ్యి తగిలితే వంగి మళ్ళీ లేస్తుంది. ఇత్తడి తీగ వంగితే వంగినట్టే ఉండిపోతుంది, అగరబత్తి పుల్ల పుటుక్కున విరుగుతుంది. పాత చీపురులోంచి బాగా ఎండిన ఈనె ఏరుకో, పచ్చిది ఎండేకొద్దీ మెలి తిరుగుతుంది. డెక్కుకి పిన్ను డ్రిల్లుతో కన్నం వేసి గుచ్చు, పైపైన అంటిస్తే నిలవదు. పైన నడక డెక్కుకి ఐవరీ కార్డు (నున్నటి దళసరి కాగితం) ముక్క, దాన్ని నిలబెట్టడానికి గుండుసూదుల ముక్కలు. చిన్న పడవలకి సన్‌బోర్డు తునకలు చెక్కుకో, 1:1200లో అయితే జీలకర్ర గింజలు కూడా చెల్లుతాయి, రెండు కొసలూ మొనదేలి అచ్చం ఆకారానికి వస్తాయి, ఫెవిక్విక్ పట్టించకపోతే మాత్రం పురుగు పడుతుంది.

మానిటర్ చేయాలని కూడా మనసు లాగుతుంది నీకు, తెలుసు, అందరికీ లాగుతుంది. దాని డెక్కు నీటికి ఒకటిన్నర అడుగు కూడా లేవదు. పాత ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా ఆ ఒకటిన్నర అడుగు. ఒకటే చిక్కు, మానిటర్ 179 అడుగులు కాబట్టి 91 మిల్లీమీటర్లు కావాలి, కార్డు పొడవు 85.6. ముక్కు దగ్గర ఇంకో కార్డు ముక్క అతికి, వెనక నుంచి పల్చటి కాగితం పట్టీ వేసి, అతుకు మీద పుట్టీ పూస్తే సరిపోతుంది. కార్డు మీది చిప్పూ నంబర్లూ ముందే ముక్కలు చేసి పారెయ్, అది వేరే తలనొప్పి. దాని ప్రత్యర్థి వర్జీనియాకి నున్నటి ఏటవాలు గోడలు, 36 డిగ్రీల వాలు. బాల్సా చెక్క దిమ్మను ఆ కోణానికి రుద్దుకోవాలి, చేత్తో రుద్దితే రెండు పక్కలా రెండు కోణాలు వస్తాయి కాబట్టి అదే వాలులో ఒక చెక్క గైడు చేసుకుని దానికి ఆనించి రుద్దు. 1862 మార్చి 8, 9 తేదీల హాంప్టన్ రోడ్స్ యుద్ధం ఆడాలంటే ఈ రెండూ కాక కంబర్లాండ్, కాంగ్రెస్ అనే తెరచాపల నౌకలు కూడా కావాలి, అందుకే మొదటి ఆటకి దాన్ని నేను చెప్పను.

ఇక సామాన్లు. గ్రేబోర్డు, ఐవరీ కార్డు, మౌంట్ బోర్డు కోసం పారిస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ స్ట్రీట్‌కి వెళ్ళు, శుభలేఖల కొట్లు, కాగితం హోల్‌సేల్ అంతా అక్కడే. కట్టింగ్‌లో మిగిలిన ముక్కలు అడిగితే దాదాపు ఊరికే ఇస్తారు, నీకు కావలసింది అరచేతి వెడల్పు ముక్కలేగా. సన్‌బోర్డు, యాక్రిలిక్ షీటు బోర్డులు రాసే కొట్ల దగ్గర, నౌకల కింద పెట్టే బేసులు కూడా వాళ్ళతోనే లేజర్ కట్ చేయించుకోవచ్చు. పిన్ను డ్రిల్లు, సన్న ఆకురాళ్ళు, కటింగ్ ప్లేయర్లు రిచీ స్ట్రీట్‌లో. ఆదివారం వెళ్ళి తిరిగి రాకు, చాలా కొట్లు మూసి ఉంటాయి. బాల్సా మాత్రం ఏరోమోడలింగ్ సామాన్లమ్మేవాళ్ళ దగ్గరే, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం నయం.

చెన్నైలో ఈ పనికి అసలు శత్రువు గాలిలోని తేమ. మోడలింగ్ వీడియోలన్నీ చలిదేశాల వాళ్ళవి, వాళ్ళు ఈ మాట చెప్పరు. అట్టలు తేమ పీల్చి ఉబ్బుతాయి, నీళ్ళ జిగురుతో రెండు పొరలు అంటిస్తే ఆరేలోపు అరటాకులా వంగిపోతాయి. పొరలకు ఫెవికాల్ బదులు ఫెవిబాండ్ లాంటి రబ్బరు జిగురు వాడు, రెండు వైపులా పూసి, తడి ఆరాక అదిమి, పైన లావుపాటి పుస్తకాలు పెట్టి రాత్రంతా వదిలెయ్. నౌక పూర్తయ్యాక, పెయింటు వేయకముందు, కింది భాగంతో సహా అన్ని వైపులా ఫ్రెంచ్ పాలిష్ లేదా ఏదైనా సీలర్ రెండు పూతలు పట్టించు. కింద వదిలేస్తారు చాలామంది, తేమ ఎక్కేది అక్కడి నుంచే. స్ప్రే వార్నిష్ సంగతి ఇంకా ఘోరం, గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు కొడితే నల్లటి నౌక మీద తెల్లటి బూజులా పొర కడుతుంది, పోదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో స్ప్రే ముట్టుకోకు, మిగతా నెలల్లో కూడా పొద్దున్నే కాకుండా మధ్యాహ్నం పన్నెండు దాటాక కొట్టు, అప్పుడు తేమ కొంచెం తగ్గి ఉంటుంది. తొందరగా ఉంటే బ్రష్షుతో వేసే మ్యాట్ వార్నిష్ వాడు.

రంగులు. మామూలు అక్రిలిక్ చాలు, పల్చగా రెండు మూడు పూతలు. గుడ్డల మీద వేసే రకం తీసుకోవద్దు, మందంగా ఉంటుంది, అంచులన్నీ కమ్మేస్తుంది. విక్టోరియా కాలపు బ్రిటిష్ నౌకలంటే నల్లటి ఒడలు, తెల్లటి పైకట్టడాలు, గోధుమ పసుపు పొగగొట్టం, స్తంభం. మొత్తం బూడిద రంగుకి మారింది 1903 ప్రాంతాల్లో, కాబట్టి ఈ కాలానికి బూడిద నౌకలు చేయకు. నలుపు మాత్రం సీసాలోంచి తీసినట్టే వేయకు, ఇంత చిన్న వస్తువు మీద అచ్చ నలుపు వేస్తే ఆకారమే కనిపించదు, కొంచెం బూడిద, చిటికెడు నీలం కలుపు. డెక్కుకి నారింజ రంగు టేకు వేస్తారు కొందరు, కొత్త ఫర్నిచర్ చూసి. ఎండకూ ఉప్పునీళ్ళకూ నానిన డెక్కు పాలిపోయి బూడిద కలిసిన లేతరంగులో ఉంటుంది, మెరీనా దగ్గర ఒడ్డున పెట్టిన పాత పడవల చెక్క చూస్తే తెలుస్తుంది.

తెరచాపల నౌకలు చేసే రోజు వస్తుంది, అప్పటికి ఇది గుర్తుపెట్టుకో: నిచ్చెన తాళ్ళను దారంతో అల్లే పని పెట్టుకోకు. ఓహెచ్‌పీ షీటు (పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు) మీద లేజర్ ప్రింటర్‌తో సన్న గీతలు ప్రింటు తీసి, త్రికోణాలుగా కత్తిరించి స్తంభం పక్కన నిలబెట్టు. మూడడుగుల నుంచి తాళ్ళలాగే కనిపిస్తాయి, పైగా స్తంభానికి ఆసరా కూడా. తెరచాపలు చుట్టి కట్టినట్టు చెయ్, యుద్ధంలోకి దిగేటప్పుడు ఈ నౌకలు ఆవిరి మీదే నడిచేవి.

మీ ఆఫీసు ఫ్రెండు 3డీ ప్రింటర్ ఉంటే ఇదంతా ఎందుకు అన్నాడని రాశావు. అతనన్నది తప్పేం కాదు, రెజిన్ ప్రింటర్ ఉంటే చిన్న పడవలు, టరెట్లు, గాలిగొట్టాలు పదులకొద్దీ తీసుకో, అవి చేత్తో చేయడం విసుగు పని. కానీ మగ్దలా లాంటి నౌక ఒడలుకి ఫైలు వెతికి, అది బాగాలేక సరిచేసి, ప్రింటు తీసి కడిగేలోపు అట్టతో రెండు నౌకలు అయిపోతాయి. ఇంకో సంగతి, ఒక్కో నౌక కాకుండా మూడు నాలుగు కలిపి చెయ్. అన్ని డెక్కులూ ఒకరోజు, అన్ని టరెట్లూ ఒకరోజు. ఒక్క నౌక మీద కూర్చుంటే అందులో లేని తప్పులు కూడా కనిపిస్తాయి, రెండో నౌక ఎప్పటికీ మొదలవదు.

ఏ మూడు నాలుగు అంటే, మగ్దలా తర్వాత హువాస్కార్ చెయ్యి. పెరూ నౌక, 1865లో బర్కెన్‌హెడ్‌లో కట్టింది, ఒకే టరెట్, దాంట్లో రెండు పదంగుళాల ఫిరంగులు, పొడవు 220 అడుగుల లోపు, నీ స్కేల్లో 111 మిల్లీమీటర్లు. 1879 మే 21న ఇకీకే దగ్గర చిలీ చెక్క నౌక ఎస్మెరాల్డాని ముక్కుతో గుద్ది ముంచింది. అదే ఏడాది అక్టోబరు 8న అంగామోస్ దగ్గర కోక్రేన్, బ్లాంకో ఎన్‌కలాడా అనే రెండు చిలీ ఐరన్‌క్లాడ్‌లు దాన్ని చుట్టుముట్టాయి, కమాండర్ మిగెల్ గ్రావ్ చనిపోయాడు, నౌక చిలీ చేతికి చిక్కింది. ఇప్పటికీ చిలీలో తల్కవానో రేవులో ఉంది. మూడు నౌకలతో మంచి ఆట అవుతుంది: ఇటు ఒక్కటే, అటు రెండు. ఆ చిలీ నౌకలు రెండూ రీడ్ డిజైనే, మధ్యలో ఫిరంగుల పెట్టె ఉండే రకం, ఒకటి గీస్తే రెండోది కాపీ.

ఈ ఆటల్లో గుద్దడం ఎక్కువ, అది గుర్తుపెట్టుకుని ముక్కు కట్టు. లిస్సాలో ఆస్ట్రియా అడ్మిరల్ టెగెట్‌హాఫ్ నౌక ఫెర్డినాండ్ మాక్స్ ఇటలీ వాళ్ళ రే డిటాలియాని గుద్దితే నిమిషాల్లో మునిగింది, దాంతో తర్వాత ముప్పై ఏళ్ళు ప్రతి నౌకకీ ముందు ఇనప ముక్కు పెట్టారు. నీ బొమ్మల్లో ముందు విరిగేది కూడా అదే. డెక్కు రెండు పొరలుగా చేసే నౌకల్లో కింది పొరను ముందుకు ఒక మిల్లీమీటరు ఎక్కువ వదులు, ముక్కు నీటి దగ్గర ముందుకు సాగినట్టు వస్తుంది, గట్టిగానూ ఉంటుంది. బేసు యాక్రిలిక్ రెండు మిల్లీమీటర్లది, నౌక కన్నా ముందూ వెనకా ఐదు మిల్లీమీటర్లు ఎక్కువ, అప్పుడు బేసులు ఢీకొంటాయి గానీ ముక్కులు కాదు. బేసు వెనక అంచున నౌక పేరు రాయి, జనం నౌకను కాకుండా బేసును పట్టుకుని జరపడం అలవాటు చేసుకుంటారు.

బొంబాయి నౌకలతో ఏ ఆట ఆడాలి అంటావేమో, నిజంగా అవి ఏ యుద్ధమూ చేయలేదు. మనవాళ్ళకి నౌకా యుద్ధం అంటే 1914లో మద్రాసు మీద గుండ్లు పేల్చిన జర్మన్ నౌక ఎమ్డెనే గుర్తొస్తుంది, అది ఈ టేబుల్‌కి ముప్పై ఏళ్ళు ఆలస్యంగా వచ్చిన నౌక. కానీ 1885లో అఫ్గాన్ సరిహద్దులో పంజ్‌దే గొడవప్పుడు రష్యాతో యుద్ధం దాదాపు వచ్చేసింది, అప్పుడు రష్యా క్రూయిజర్లు బొంబాయి రేవు మీదికి వచ్చి ఉంటే అని ఊహించుకుని ఒక ఆట తయారుచేసుకోవచ్చు. మగ్దలా, అబిసీనియా రేవు లోపల నెమ్మదిగా, బయట వేగంగా తిరిగే క్రూయిజర్లు రెండు మూడు, మధ్యలో ఇసుక మేటలు. అబిసీనియాకి పొడవు అదే 225, వెడల్పు మాత్రం 42 అడుగులు, అంటే 21 మిల్లీమీటర్లు, కాబట్టి మగ్దలా ట్రేసింగ్ పేపర్‌నే రెండు పక్కలా ఒక్కో మిల్లీమీటరు లోపలికి గీసి వాడుకో. డెక్కు కట్ చేశాక ఫొటో పెట్టు, పక్కన స్కేలు కనిపించేలా.